నలభై

జులై. మస్కటీన్ ఊరి మీద మొక్కజొన్న చెమట.
ఉత్తమాట కాదు, ఇక్కడ చేలు చెమటోడుస్తాయి,
గాలి తడిగుడ్డలా మెడకు చుట్టుకుంటుంది.
వలకంచె వెనక మడతకుర్చీ వేసుకున్నాను.
ఒళ్ళో స్టాప్‌వాచ్, రాడార్ గన్,
జేబులో వేయించిన పొద్దుతిరుగుడు గింజలు.
ముప్పయ్యొక్క వేసవులుగా ఇదే నా సంసారం.

ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒక తండ్రి వచ్చి పక్కన నిలబడతాడు.
"అసలు ఏం చూస్తారండీ మీరు?"

ఎడ్ల సంతలో బేరగాడిలా పళ్ళు పట్టి చూడను,
సుడులు లెక్కపెట్టను.
మణికట్టు చూస్తాను,
బంతి తగిలిన తరవాత కూడా అది బిగుసుకోకుండా ఉందా అని.
కాళ్ళు చూస్తాను. పరుగులో కాదు,
ఏమీ జరగని ఆ పొడుగాటి నిమిషాల్లో
వాటి మీద ఎలా నిలబడతాడో.
మూడుసార్లు గాలిని కొట్టి వెనక్కొచ్చేవాడు
బ్యాట్‌ని విసిరేస్తాడా, ఆనించి పెడతాడా.
వాళ్ళమ్మ భుజాలు కూడా చూస్తాను.
పదిహేడేళ్ళవాడు ఇంకెంత పెరుగుతాడో అక్కడ రాసుంటుంది.
ఇది మాత్రం ఆ తండ్రితో అనను.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు.
నేను చూసిన పువ్వుల్లో సగం
పుట్టగానే పరిమళించి
పందొమ్మిదో ఏట మోచేతి దగ్గర వాడిపోయాయి.
మిగతా సగం వాసన నాకు తగల్లేదు.
ఆ రోజు జలుబు చేసిందేమో.

ఇవాళ వచ్చింది పిచర్ కోసం. బ్రెక్ హాల్వర్సన్.
తొంభై మూడు. తొంభై నాలుగు. మళ్ళీ తొంభై నాలుగు.
గన్ను మీద ఎర్ర అంకెల కోసం
జనం నా భుజం మీదుగా మెడలు సాగదీస్తున్నారు.
నాలుగో ఇన్నింగ్స్‌లో షార్ట్‌స్టాప్ తేలికైన బంతి జారవిడిచాడు.
బ్రెక్ వాడివైపు చూశాడు.
అంతే. చూశాడు.
పుస్తకంలో చిన్న చుక్క పెట్టుకున్నాను.
ఆ చుక్క ఖరీదెంతో వాడికి తెలీదు,
నిజం చెప్పొద్దూ, నాకూ తెలీదు.

ఐదో ఇన్నింగ్స్‌కి ముందు
మట్టి చదును చెయ్యడానికి ఇనుప దంతె లాక్కుంటూ ఒకతను వచ్చాడు.
మోకాలికి పట్టీ. పొట్ట కొంచెం.
కంచెకి అవతల, నా ఎదురుగా ఆగాడు.
"మీకు గుర్తుండను. డెల్మార్ ఓస్‌క్యాంప్.
తొంభై తొమ్మిది వేసవి, సెకండ్ బేస్."
గుర్తుపట్టాను. పేరు కాదు, ఆ నిలబడటం.
టైర్ల షాపు ఉందట, ఇద్దరు ఆడపిల్లలట.
"అప్పుడు నా గురించి ఏం రాశారు?"
నవ్వుతూనే అడిగాడు,
ఎన్నాళ్ళుగానో పంటి సందులో ఇరుక్కున్న నలుసును
నాలుకతో కదిపి చూసుకున్నట్టు.

మా లెక్క ఇరవై నుంచి ఎనభై దాకా.
ఇరవైకి కింద మెట్టు లేదు, ఎనభైకి పైన కప్పు లేదు.
ఎవడు పెట్టాడో గానీ,
మనుషులందరూ ఆ అరవై గళ్ళలోనే సర్దుకోవాలి.

"మంచి చేతులు అని రాశాను" అన్నాను.
అబద్ధం కాదు. చేతులకు అరవై వేశాను.
కాళ్ళకు నలభై.
అడుగున ఒక వాక్యం: ఇంతకన్నా ఎదగడు.
ఆ రోజు మోటెల్ గదిలో,
చల్లారిన బంగాళాదుంప వేపుడు తింటూ రాసింది.

ఇంతలో పిచర్ సన్నాహంలో ఒక బంతి
క్యాచర్ చేతికి అందక ఇటుక గోడకి తగిలి ఎగిరింది.
డెల్మార్ దంతె వదల్లేదు. తల పూర్తిగా తిప్పలేదు.
ఎడమచెయ్యి ఊరికే అలా కిందకి వెళ్ళింది.
చప్పుడు లేదు.
తను ఆగిపోయానని బంతికే తెలియనంత మెత్తగా.
కుర్రాడికి విసిరేసి
"మంచిదండీ" అని వెళ్ళిపోయాడు.
వెనకాల మట్టి మీద గీతలు,
అప్పుడే దువ్విన తల్లో పాపిళ్ళలా.

ఆట మళ్ళీ మొదలైంది. ఒక బంతి. రెండు. మూడు.
"ఇప్పుడెంత?" అన్నాడు పక్కనున్న తండ్రి.
గన్ను నా ఒళ్ళోనే బోర్లా పడి ఉంది.
"చూళ్ళేదండీ."